నాన్నగారి కాంటెస్సా డ్యాష్‌బోర్డు బీటలు వారింది, ఏం చేయమంటారు?

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె తండ్రి 1996లో కొన్న కాంటెస్సా క్లాసిక్ కారు ఇప్పటికీ నడుస్తోంది. ఆయన 2021లో కాలం చేశారు. అప్పటిదాకా పెరట్లో రేకుల షెడ్డులో ఉన్న కారు, ఆ తరువాత కొత్త పోర్షన్లు కట్టడానికి అన్నగారు షెడ్డు తీయించడంతో ఇంటి ముందుకు వచ్చి, పడమటి ఎండకు ఎదురుగా నిలబడిపోయింది. రెండేళ్ల కిందట డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దానికి గాలి కొట్టే సన్నని కంత కొస నుంచి వెంట్రుకంత గీత ఒకటి బయలుదేరింది. మరుసటి వేసవి దాటేసరికి అది జానెడు అయింది. మీటర్ల పైన ఒకటి, గ్లవ్ బాక్సు పైన ఒకటి కొత్తగా వచ్చాయి. అంచులు ఎండిన చెరువులో మట్టి పెళ్లల్లా పైకి లేచాయనీ, లోపలి పసుపుపచ్చ స్పాంజి వేలు తగిలితే పొడిగా రాలుతోందనీ ఆమె రాశారు.

నిరుడు కార్తీకంలో దగ్గరలోని టింకరింగ్ షాపులో చూపిస్తే, వాళ్లు బీటల్లో పుట్టీ నింపి, ఎమరీ పట్టి, పైన నల్లరంగు కొట్టి ఇచ్చారు. సంక్రాంతికి వచ్చిన అన్నగారు గోధుమరంగు డ్యాష్‌బోర్డు మీద ఆ నల్ల పట్టీలు చూసి, "నాన్న కారును చేజేతులా పాడు చేశావు" అన్నారట. ఉగాది నాటికి పుట్టీ అంచులు విడిపోయి, పాత బీటల పక్కనే కొత్త గీతలు తేలాయి. ఇప్పుడు ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. భర్త తొమ్మిది వందలు పెట్టి కార్పెట్ మ్యాట్ పరిచేయమంటున్నారు. ఊళ్లోని కుషన్ పనివారు బోర్డు విప్పకుండానే పైన రెగ్జిన్ అంటించడానికి ఎనిమిది వేలు అడిగారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకరు బోర్డు బయటికి తీసి, మరమ్మతు చేసి, రంగు వేసి బిగించడానికి పాతిక వేలు అన్నారు. అన్నగారు హైదరాబాదులో పాత సామాన్ల వ్యాపారి దగ్గర పన్నెండు వేలకు సెకండ్‌హ్యాండ్ బోర్డు ఉందనీ, అది వేయించడం ఇష్టం లేకపోతే కారునే అమ్మేద్దామనీ అంటున్నారు. బీటలకు తానే కారణమా, వీటిలో ఏ దారి మంచిది, వచ్చే సంక్రాంతికి అందరూ కలిసే లోగా పని పూర్తవుతుందా అన్నవి ఆమె ప్రశ్నలు. చివరి పేజీలో, మొదట రాసి కొట్టేసి మళ్లీ రాసిన ఒక సంగతి ఉంది. షాపువాళ్లు రంగు వేయడానికి, తండ్రిగారు తన చేత్తో అంటించిన చిన్న వేంకటేశ్వరస్వామి విగ్రహాన్ని ఊడబెరికారట. దాని కింద అరచేతిలో సగమంత చదరంలో తోలు ఇప్పటికీ కొత్త కారులో లాగా ముదురు రంగులో, మెత్తగా ఉందట. అదృష్టవశాత్తూ అంతవరకు రంగు పడలేదు. ఆ విగ్రహాన్ని మళ్లీ ఎక్కడ పెట్టాలని కూడా అడిగారు.

ఇక నా సమాధానం.

ముందుగా మొదటి ప్రశ్నకు. బీటలకు మీరు కారణం కాదు. పుట్టీ పెట్టించడం పొరపాటే గానీ, అది బీటలు వచ్చిన తరువాత జరిగింది, పైగా సరిదిద్దుకోగలిగింది. ఈ మాట మిమ్మల్ని ఊరడించడానికి చెప్పడం లేదు. బీట ఎందుకు వచ్చిందో తెలియకుండా ఏ దారి ఎంచుకున్నా మళ్లీ డబ్బు పోగొట్టుకుంటారు కాబట్టి చెబుతున్నాను.

ఆ కాలపు మెత్తని డ్యాష్‌బోర్డులో మూడు పొరలు ఉంటాయి. అడుగున గట్టి చట్రం, దాని మీద పాలీయురెథేన్ స్పాంజి, అన్నిటికీ పైన వినైల్ తోలు. వినైల్ అంటే పీవీసీ, మన ఇళ్లలో నీళ్ల గొట్టాలకు వాడే పదార్థమే. గొట్టం కర్రలా ఉండి డ్యాష్‌బోర్డు తోలు మెత్తగా ఉండడానికి కారణం, తోలులో కలిపే నూనె లాంటి ద్రవం. దాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. కారు ఎండలో కాగిన ప్రతిసారీ అది కాస్త కాస్తగా ఆవిరైపోతుంది. చాలా రోజులు ఎండలో ఉన్న కారు ముందు అద్దాన్ని లోపలి వైపు తుడిస్తే గుడ్డకు అంటుకునే జిడ్డులో కొంత భాగం అదే. అలా ఏళ్ల తరబడి నూనె పోయిన తోలు గట్టిపడడంతో ఆగదు, కుంచించుకుపోతుంది కూడా. కింద ఉన్న చట్రం మాత్రం దానితోపాటు కుంచించుకోదు. అంచుల దగ్గర బిగిసి, అడుగున స్పాంజికి అతుక్కుని ఉన్న తోలు లోపలికి లాక్కుని లాక్కుని ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. బట్టల కొట్టులో గుడ్డ అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, ఆపైన చేత్తో చర్రున చింపడం మీరు చూసే ఉంటారు. గాలి కంత కొస ఆ కత్తెర గాటు లాంటిది. మీ మొదటి గీత అక్కడి నుంచే బయలుదేరడానికి కారణం అదే.

ఎండకూ నీడకూ మధ్య ఎంత తేడా ఉంటుందో ఒక లెక్క చెబుతాను. అమెరికాలో మండుటెండలకు పేరుపడిన అరిజోనా రాష్ట్రంలో, అక్కడి స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, వేసవిలో గంటసేపు ఎండలో నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డులు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కాయి. నీడలో నిలిపిన కార్లలో అది 48 డిగ్రీలే. ఆ ప్రయోగం కార్లలో వదిలేసిన పిల్లల ప్రాణాపాయం గురించి చేసినదే గానీ, మన లెక్కకూ పనికి వస్తుంది. మీ కారు పాతికేళ్లు రెండో లెక్కలో బతికి, చివరి నాలుగేళ్లు మొదటి లెక్కలోకి వచ్చింది. వయసు ఎలాగూ పైబడింది, ఎండ ఆ చివరి పని పూర్తి చేసింది. విగ్రహం కింది చదరమే దీనికి సాక్ష్యం. కారు లోపలి వేడి ఆ చదరానికీ తగిలింది. తగలనివి సూటి ఎండా, బయటి గాలీ. అందుకే దానిలోని నూనె చాలావరకు దానిలోనే నిలిచింది.

షెడ్డు తీయించిన సంగతి మీరు ఉత్తరంలో మూడు చోట్ల రాశారు. అది ఎవరి తప్పు అని మాత్రం నన్ను అడగలేదు. నేనూ చెప్పను. మీరు ఆ మాటను అన్నగారి ముందు ఎత్తితే ఆయన నల్ల పట్టీల మాట ఎత్తుతారు, సంక్రాంతి మూడు రోజులూ అందులోనే గడిచిపోతాయి. కారుకు మళ్లీ నీడ కావాలన్న మాట మాత్రం నిస్సంకోచంగా అడగండి, ఎందుకంటే కింద నేను చెప్పబోయే ఏ పని చేయించినా నీడ లేకపోతే అది నాలుగు వేసవులు కూడా నిలవకపోవచ్చు.

పుట్టీ ఎందుకు నిలవలేదో కూడా ఇప్పుడు సులభంగానే అర్థమవుతుంది. టింకరింగ్ షాపుల్లో వాడే పుట్టీ ఇనుప రేకు కోసం తయారైనది. గట్టిపడితే రాయి. దాని కింద మెత్తని స్పాంజి, పక్కన పొద్దున ముడుచుకుని మధ్యాహ్నం సాగే తోలు. రాయి సాగదు కాబట్టి తోలు దాన్ని అంచు దగ్గర వదిలేస్తుంది. ఎపాక్సీ జిగురు ముద్ద పెట్టినా, సూపర్ గ్లూ పోసినా ఫలితం ఇదే. సిలికాన్ సీలెంటు అయితే సాగుతుంది గానీ, దాని మీద రంగు నిలవదు, ఆ తరువాత ఎవరు మరమ్మతు చేయబోయినా దాని జిడ్డు మిగిలి వాళ్ల పనిని చెడగొడుతుంది. మీ షాపువాళ్లు సిలికాన్ వాడలేదు, అది మీ అదృష్టం. పుట్టీని గోకి తీసేయవచ్చు. ఎప్పుడో నా పాత కారు డ్యాష్‌బోర్డు లేచిన అంచును అణచాలని నేను హీట్ గన్ పట్టుకుని, ఒక్క నిమిషం ఎక్కువ ఉంచి, రూపాయి బిళ్లంత చోట తోలును మెరిసే మచ్చగా మార్చుకున్నాను. మీ పుట్టీ దాని కంటే నయం.

దారులు చూసే ముందు ఒక పరీక్ష చేయండి. ఇది ఉదయం, కారు చల్లగా ఉన్నప్పుడు చేయాలి. బీటలకు దూరంగా, చూడడానికి బాగానే ఉన్న చోట్ల బొటనవేలితో గట్టిగా నొక్కుతూ బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లండి. వేలు కింద తోలు కొద్దిగా దిగి మళ్లీ పైకి వస్తే ఆ భాగంలో ఇంకా ప్రాణం ఉంది. అప్పడంలా కరకరమని శబ్దం వచ్చినా, తోలుకూ స్పాంజికీ మధ్య బోలుగా అనిపించినా అక్కడ తోలు అప్పుడే విడిపోయింది, ఇవాళ కాకపోతే వచ్చే మే నెలలో చీలుతుంది. బోర్డులో ఎక్కువ భాగం మొదటి రకంగా ఉంటే బీటల వరకు మరమ్మతు చేయించడంలో అర్థం ఉంది. ఎక్కువ భాగం రెండో రకంగా ఉంటే మూడు బీటలు పూడ్చడం నాలుగో బీటకు దారి చూపడమే అవుతుంది, అప్పుడు తోలు మొత్తాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మీ నిర్ణయం పాతిక వేలు, ఎనిమిది వేలు అన్న అంకెల కంటే ఈ పరీక్ష మీదే ఎక్కువ ఆధారపడాలని నా అభిప్రాయం.

మీ వారు చెప్పిన మ్యాట్‌ను తేలిగ్గా తీసిపారేయకండి. అది మరమ్మతు కాదు, ముసుగు. కానీ ఎండను ఆపే ముసుగు. లేచిన అంచులు ఇంకా విరగకుండా కొంత కాపాడుతుంది, అద్దంలో డ్యాష్‌బోర్డు ప్రతిబింబం పడకుండా చేస్తుంది. పైగా రేపు వద్దనుకుంటే తీసేయవచ్చు. ఒక్కటే జాగ్రత్త, దాన్ని ఏ జిగురుతోనూ అంటించనివ్వవద్దు. మ్యాట్ జారుతుందని షాపు కుర్రవాళ్లు సొల్యూషన్ రాయబోతారు. అది తరువాత తోలుతో సహా ఊడివస్తుంది. గాలి కంతలకు చోటు వదిలి కత్తిరించి, అంచులు అద్దం కిందికి దోపితే చాలు.

బోర్డు విప్పకుండా రెగ్జిన్ అంటించడం గురించి నేను అంత ఉత్సాహం చూపలేను. లేచిన అంచుల మీదే రెగ్జిన్ పరిస్తే ఆ గీతలు రెగ్జిన్ లోంచి ఉబ్బుగా కనిపిస్తాయి. మీటర్ల గూడు దగ్గర బోర్డు లోపలికి వంగే చోట ఏ రెగ్జినైనా చదునుగా నిలవడానికే ప్రయత్నిస్తుంది. సీట్లకు వాడే మామూలు సొల్యూషన్ వేసవి వేడికి మెత్తబడగానే అక్కడ గాలి బుడగలా లేచిపోతుంది. గాలి కంతల అంచుల్లో మందం పెరిగి గ్రిల్లులు సరిగా కూర్చోవు. ఎనిమిది వేల పనిని రెండో ఏడు విప్పేటప్పుడు పాత తోలు జిగురుతో కలిసి ముక్కలుగా వస్తుంది, ఇక అసలు బోర్డును మరమ్మతు చేసే అవకాశం కూడా పోతుంది. ఇదే రెగ్జిన్ పనిని బోర్డు బయటికి తీసి, పాత తోలు మొత్తం ఒలిచి, స్పాంజి గుంతలు పూడ్చి, సాగే రకం రెగ్జిన్‌తో, వేడికి తట్టుకునే జిగురుతో, వంపులు ఉన్న చోట కుట్టు వేసి చేస్తే అది వేరే సంగతి. అది నిలుస్తుంది. కుట్టు కనిపిస్తుంది, కంపెనీ ఇచ్చిన గరుకు పోతుంది, ఖర్చు ఎనిమిది వేలలో తేలదు. మీ పరీక్షలో తోలు మొత్తం చచ్చిపోయినట్టు తేలితే మాత్రం ఆలోచించదగిన దారి ఇదే.

సెకండ్‌హ్యాండ్ బోర్డు మాట వినడానికి బాగుంటుంది. కానీ కాంటెస్సా తయారీ 2002లోనే ఆగిపోయింది. అంటే అన్నగారు చూసిన బోర్డు ఎంత లేతదైనా ఇరవై ఏళ్లు దాటినదే. పైగా అది పాత సామాన్ల కొట్టు డాబా మీద ఎన్ని వేసవులు చూసిందో మనకు తెలియదు. ఫోటోలో నున్నగా కనిపించే బోర్డు బిగించేటప్పుడు స్క్రూ తగలగానే మూల దగ్గర పగలవచ్చు. అన్నగారికి బొటనవేలి పరీక్ష చెప్పి, కొట్టుకు స్వయంగా వెళ్లి నొక్కి చూడమనండి. అది నిజంగా మెత్తగా ఉంటే పన్నెండు వేలు దండగ కాదు. అప్పుడు కూడా మీ పాత బోర్డును షాపులో వదిలేయకుండా, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకోండి.

మీరు అడగకపోయినా ఒకరెవరో మీకు చెప్పే తీరతారు కాబట్టి ఫైబర్ సంగతి కూడా రాస్తున్నాను. బీటల బోర్డు మీద ఫైబర్ పొర పోసి, నున్నగా రుద్ది, రంగు కొట్టి ఇస్తారు. చూడడానికి కొత్తగా ఉంటుంది, మళ్లీ పగలదు కూడా. కానీ డ్యాష్‌బోర్డు మీద స్పాంజి పెట్టింది అందం కోసం కాదు. ఢీకొన్నప్పుడు ముందు సీట్లో ఉన్నవాళ్ల తల, ఛాతీ తగిలేది అక్కడే. అమెరికాలో 1968 జనవరి 1 నుంచి కారు లోపలి భాగాలు దెబ్బను మెత్తగా తీసుకునేలా ఉండాలని భద్రతా ప్రమాణమే తెచ్చారు. మీ కాంటెస్సాలో ఎయిర్‌బ్యాగులు లేవు. ఆ స్పాంజే దిక్కు. దాని మీద రాయి లాంటి పొర పోయించుకోవద్దని నా గట్టి సలహా. ఈ ఉత్తరం చదువుతున్న కొత్త కార్ల వారికి ఇంకొక మాట. ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు డ్యాష్‌బోర్డులోంచే చీల్చుకుని బయటికి వస్తుంది. అలాంటి కారులో ఆ మూత చుట్టుపక్కల బీట పడితే పూడ్చడం, రెగ్జిన్ అంటించడం, మ్యాట్ పరచడం ఏవీ చేయవద్దు. అది సర్వీస్ సెంటరులో మార్పించవలసిన బోర్డు.

ఇక మిగిలింది ఆటోనగర్ పని. తోలులో ప్రాణం ఉంటే నాకు మొగ్గు ఇటే, అయితే పాతిక వేలు ఎందుకు ఇస్తున్నారో మీకు తెలిసి ఉండాలి. సరైన పద్ధతిలో ముందుగా సబ్బు నీళ్లతోనూ, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ ఏళ్ల నాటి మెరుపు పాలిష్ జిడ్డును వదిలించాలి. డ్యాష్‌బోర్డు తళతళలాడడానికి మనం రాసే సిలికాన్ పాలిష్ ఏ కొంచెం మిగిలినా రంగు అక్కడ చేపకన్నుల్లా విచ్చుకుంటుంది. థిన్నర్ పోసి తుడిస్తే వినైల్ పాడవుతుంది. ఆ తరువాత పాత పుట్టీని పూర్తిగా గోకి తీయాలి. లేచిన అంచుల్ని అణచాలని చూడకుండా, బ్లేడుతో రెండు వైపులా ఏటవాలుగా కోసి, బీటను ఇరుకు గీత నుంచి వెడల్పాటి కాలువలా మార్చాలి. చూసేవాళ్లకు గుండె గుభేలుమంటుంది గానీ పని నిలవాలంటే తప్పదు. బీట కొసను గుండ్రంగా కోయాలి, లేకపోతే మళ్లీ అక్కడి నుంచే పాకుతుంది. పొడిగా రాలుతున్న స్పాంజిని గట్టి స్పాంజి వచ్చేదాకా తీసేసి, ఆ గుంతను నింపి, పైన ప్లాస్టిక్ బంపర్లకు వాడే రెండు ట్యూబుల సాగే ఫిల్లర్‌ను పలచని పొరలుగా వేయాలి. ఒక పొర పూర్తిగా ఆరాకే ఇంకొకటి. ముతక ఎమరీ నుంచి సన్న ఎమరీకి వస్తూ రుద్దాక, వేలు ఆడిస్తే బీట ఎక్కడో తెలియకూడదు.

అప్పుడు వస్తుంది అసలు నేర్పు. నున్నగా రుద్దిన పట్టీ చుట్టూ ఉన్న తోలు గరుకు మధ్య బట్టతలలా కనిపిస్తుంది. మంచి పనివాడు బాగున్న చోట సిలికాన్ రబ్బరు పోసి, ఆ గరుకు అచ్చు తీసుకుని, పట్టీ మీద చివరి పొర ఆరకముందే అద్దుతాడు. ఆ అచ్చు పద్ధతి రానివారు బోర్డు మొత్తానికి గరుకు స్ప్రే కొట్టి, అంతటినీ ఒకేలా చేస్తారు. అదీ తప్పు కాదు, కానీ అది కంపెనీ గరుకు కాదు. ఆపైన ప్లాస్టిక్ ప్రైమరు, వినైల్ కోసం తయారైన సాగే రంగు, అదీ మెరుపు లేకుండా. బాడీకి కొట్టే మెరుపు రంగు వేస్తే మధ్యాహ్నం ముందు అద్దంలో రోడ్డు బదులు డ్యాష్‌బోర్డే కనిపిస్తుంది. రంగు కలిపేటప్పుడు వెలిసిన తోలును చూపిస్తే వెలిసిన రంగే వస్తుంది. విగ్రహం కింది చదరాన్ని చూపించండి. మీ కారు డ్యాష్‌బోర్డు అసలు రంగు ఈ రోజున అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు.

బోర్డును బయటికి తీయడంలోనూ ఒక చిక్కు ఉంది. ముప్ఫై ఏళ్ల క్లిప్పులు, వైర్ల కొనలు పెళుసెక్కి ఉంటాయి. బోర్డు విప్పి బిగించాక హారన్ పలకకపోవడం, మీటరు ముల్లు కదలకపోవడం, హీటరు గొట్టం వదులవడం కొత్తేమీ కాదు. బ్యాటరీ వైరు తీసి పని మొదలుపెట్టమని, ఆటో ఎలక్ట్రీషియన్ పక్కన ఉండాలని, ప్రతి స్క్రూ తీసే ముందు ఫోన్లో ఫోటో తీయాలని ముందే మాట్లాడుకోండి. మూడు బీటలూ పైభాగంలోనే ఉన్నాయని రాశారు కాబట్టి, బోర్డు విప్పకుండా, ముందు అద్దం మాత్రం తీసి పని చేయగలరేమో కూడా అడిగి చూడండి. అద్దం రబ్బరు కూడా అదే వయసుది కాబట్టి కొత్త రబ్బరు దొరుకుతుందని తేలాకే అద్దం జోలికి పోవాలి.

షాపు ఏదైనా, డబ్బు ఇచ్చే ముందు ఒక నమూనా అడగండి. పాత పనికిరాని డ్యాష్‌బోర్డు ముక్క ఏ ఆటోనగర్ షాపులోనైనా మూల పడి ఉంటుంది. దాని మీద ఇదే ఫిల్లరు, ఇదే రంగు వేసి ఇమ్మని, దాన్ని మీ డాబా మీద వారం రోజులు ఎండకు పెట్టి, ఆ తరువాత రెండు చేతులతో కొద్దిగా వంచి చూడండి. పని తెలిసినవాడు దీనికి నవ్వుతాడే గానీ కాదనడు.

సంక్రాంతి లోగా అవుతుందా అన్నారు. తొందరపెడితే అవుతుంది. కానీ పొరకూ పొరకూ మధ్య ఆరవలసిన సమయాన్ని పండుగ తేదీ మింగేస్తుంది, పైగా డిసెంబరులో షాపుల నిండా పండుగ పనులే. ఇప్పుడు మ్యాట్ పరిచి, సంక్రాంతికి అన్నగారిని కూర్చోబెట్టి ఆ నమూనా ముక్క చూపించి, ఫిబ్రవరిలో పనికి ఇచ్చి, మార్చి ఎండలు ముదిరే లోగా కారును నీడకు చేర్చడం ఒక పద్ధతి. పండుగకే కారు మెరవాలనుకుంటే అదీ మీ ఇష్టమే, అయితే మరుసటి వేసవిలో రెండోసారి మరమ్మతు చేయించాల్సి రావచ్చని ఇప్పుడే అనుకుని ఉండాలి.

డబ్బు పెట్టే ముందు కాగితాలు ఒకసారి తీయండి. 1996 కారు కాబట్టి, రెన్యువళ్లు వేళకు జరిగి ఉంటే మీ ఆర్‌సీ గడువు 2026 వరకే. పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకొకసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెరిగింది. అంతకంటే ముఖ్యం, మీరు ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరనే ఉందని రాశారు. యజమాని పోయాక వారసులు ఫారం 31తో మూడు నెలల్లోగా పేరు మార్పించుకోవలసింది. ఇప్పటికైనా అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి రవాణా కార్యాలయానికి వెళ్లి రండి. బీమా ఎవరి పేరున ఉందో కూడా చూడండి. కారు ఎవరిదో కాగితం మీద తేలకుండా డ్యాష్‌బోర్డు ఎలా ఉండాలో మీరిద్దరూ తేల్చుకోవడం కష్టం. "ఇంకొన్నాళ్లు ఉంచితే వింటేజ్ ధర వస్తుంది" అని ఎవరైనా అంటే, 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవడానికి యాభై ఏళ్లు దాటాలని గుర్తు చేయండి. లాభం కోసమైతే ఈ పని చేయించకండి. అమ్మదలిస్తే బీటలతోనే అమ్మడం మేలు, కొనేవారు తమకు నచ్చిన పద్ధతిలో చేయించుకుంటారు, అతుకు చూసి అనుమానపడరు.

నీడ సంగతి అన్నగారితో తేలేదాకా, ముందు అద్దం ఉత్తరానికి ఉండేలా కారును తిప్పి నిలపండి. అద్దం లోపల అట్ట అడ్డు పెట్టండి, పైన నూలు కవరు కప్పండి. అద్దాలకు నల్ల ఫిల్ములు వేయించాలన్న ఆలోచన వద్దు, 2012లో సుప్రీంకోర్టు వాటిని నిషేధించింది. మెరుపు పాలిష్ సీసా ఇంట్లో ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి. తడిపి పిండిన గుడ్డ చాలు.

విగ్రహాన్ని ఎక్కడ పెట్టాలని అడిగారు. బోర్డు మీద రెగ్జిన్ వేయించేటట్టయితే, పాత తోలు ఒలిచేటప్పుడు ఆ చదరాన్ని కత్తిరించి మీ చేతికి ఇమ్మనండి. రంగు వేయించేటట్టయితే దాని మీద మాస్కింగ్ టేపు వేసి, అంతవరకు ఫిల్లరూ రంగూ తగలకుండా వదిలేయమనండి. చుట్టూ పలచని గట్టులా కొద్దిగా ఎత్తు తేడా వస్తుంది గానీ పీఠం కింద అది కనిపించదు. కొత్త రంగు వేశాక రెండు వారాలు ఆగండి. ఈసారి డబుల్ టేపు వద్దు. పీఠం అడుగున పలచని ఫెల్టు ముక్క అంటించి, స్వామిని మళ్లీ ఆ చదరం మీదే నిలపండి. కారు ఆగి ఉన్నప్పుడు చేత్తో ఎత్తి చూసుకునేలా.